హెవీ మెటల్ అన్న

గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో మా సీనియర్ ఆపరేటర్‌ను నేను అన్న అనేవాణ్ని. కంపెనీ బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని హెవీ మెటల్, ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్‌లు వినేవాడు. అంతా అయ్యాకే తీర్పు చెప్పేవాడు.

"గిటార్ జోరుగనే ఉంది గాని పాటల పానం లేదు."

నాకు వినమని ఇచ్చినప్పుడు మధ్యలో నేనేమైనా అంటే కసిరేవాడు. "మొత్తం ఇను, అప్పుడు మాట్లాడు."

ఒక మధ్యాహ్నం మా పక్కనే స్టీమ్ పైపు పేలింది. అన్న నన్ను అవతలికి తోసేశాడు. నాకేమీ కాలేదు. ఆయనకు ఎడమ చెవి వినికిడి పూర్తిగా పోయింది.

తిరిగి డ్యూటీకి వచ్చిన రోజు, ఆయన ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన కొత్త ఆల్బమ్‌ను బస్సులో భయపడుతూనే పెట్టిచ్చాను. ఆయన కదలకుండా విన్నాడు. ఆఖరి పాట అయ్యాక హెడ్‌ఫోన్స్ తీశాడు.

"ఎట్లుందన్నా?" అన్నాను.

"ఒక దిక్కు గిటార్ ఇనొస్తనే లేదు. సగం ఇని మంచిగుందో లేదో ఎట్ల చెప్త? రేపు నువ్వే ఇని చెప్పు."

ఆ రాత్రి ఆల్బమ్ మొత్తం విని, మర్నాడు బస్సులో ఆయనకు కుడివైపు కూర్చుని మొదటి పాట నుంచి చెప్పసాగాను. అన్న నా మీదికి వంగాడు.

"గంత జల్దీ వద్దు. డ్రమ్స్ ఎట్లున్నయో చెప్పు."