బయటి గడియ

పొద్దున్నే టీ కన్నా ముందు సిస్టరమ్మ స్పూన్లు లెక్కపెడుతుంది. ఇంట్లో మనుషులు ముగ్గురు, స్పూన్లు తొమ్మిది. ఒక్కటి తగ్గినా ఎవరూ గడప దాటడానికి వీల్లేదు. ఒకసారి తమ్ముడు పొరపాటున టిఫిన్ డబ్బాలో ఒక స్పూను పెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళిపోతే, ఆవిడ అతని కౌంటరు దాకా పోయి, వరసలో నిలబడి మరీ పట్టుకొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళు మానసిక వైద్యశాలలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆ పద్ధతులు ఆస్పత్రి గేటు దగ్గర వదిలేసి రమ్మంటే ఎలా వదులుతుంది?

"వదినా, ఇది ఇల్లు. వార్డు కాదు," అంటుంది మరదలు.

"తెలుస్తూనే ఉంది. అక్కడ నా మాట వినేవాళ్ళు."

రిటైరయ్యాక సిస్టరమ్మ ఊరికే కూర్చోలేదు. బస్టాండు వెనక సందులో మూతపడి ఉన్న లాడ్జి ఒకటి అద్దెకి తీసుకుంది. కింద ఆఫీసు గది, నాలుగు గదులు, పైన ఆరు. జబ్బు నయమైపోయినా వెళ్ళడానికి ఇల్లంటూ లేక ఆస్పత్రిలోనే ఉండిపోయినవాళ్ళ కోసం అక్కడ పది మంచాల హోమ్ పెట్టాలని ఆవిడ ఆలోచన. వారానికి రెండుసార్లు డాక్టరు వస్తాడు, మిగతాదంతా ఆవిడ చూసుకుంటుంది. ఇంక కావలసింది లైసెన్సు ఒక్కటే.

దానికి తొందర తెచ్చిపెట్టింది లెక్కల టీచరు. ఆవిడ పధ్నాలుగేళ్ళ కిందట ఆస్పత్రిలో చేరింది. తొమ్మిదేళ్ళుగా శుభ్రంగా ఉంది. తీసుకెళ్ళడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఇప్పుడు ఆ వార్డు పడగొట్టి కొత్త భవనం కడతారట. ముప్పయ్యో తారీఖు నాటికి ఎటూ వెళ్ళనివాళ్ళని మూడు వందల కిలోమీటర్ల అవతల ఇంకో ఆస్పత్రికి తరలించేస్తారు. లైసెన్సున్న హోమ్ అయితే అక్కడికి పంపడానికి వాళ్ళకేం అభ్యంతరం లేదు. లైసెన్సు లేని లాడ్జికి పంపమంటే మాత్రం నవ్వుతారు.

సిస్టరమ్మ వారం వారం వెళ్ళి టీచరుని చూసొచ్చేది.

"ఎందాకా వచ్చింది సిస్టర్?"

"ఇంకొక్క సంతకం ఉందట."

"పోయిన వారమూ ఒక్కటే అన్నారు. ఒకటిలోంచి ఒకటి తీసేస్తే ఇంకా ఒకటి మిగులుతోందంటే, ఇది నేను చెప్పిన లెక్క కాదు. మీ లైసెన్సు వచ్చేలోపు నాకు మళ్ళీ మతి పోయేలా ఉంది."

"పోతే పోయింది. హోమ్‌లో నిన్ను చూడ్డానికి నేనే ఉంటాగా."

దరఖాస్తు నింపే పని తమ్ముడు నెత్తికెత్తుకున్నాడు. ఇరవై ఎనిమిది పేజీలు. పదకొండో పేజీలో, గత ఏడాది మీ కేంద్రం నుంచి పారిపోయినవారి సంఖ్య ఎంత అని ఉంది. ఇంకా తెరవలేదు కాబట్టి అతను అక్కడ గీత గీశాడు. గీత కుదరదు, అంకె కావాలని కాగితాలు వెనక్కొచ్చాయి. సున్నా వేశాడు. కింది వరసలో చేర్చుకున్నవారి సంఖ్య దగ్గరా సున్నానే వేశాడు. ఈసారి, ఏడాది పొడవునా ఒక్కరినీ ఎందుకు చేర్చుకోలేదో సంజాయిషీ ఇవ్వమన్నారు.

"లైసెన్సు లేక చేర్చుకోలేదని రాసెయ్," అంది సిస్టరమ్మ.

"అది మరీ వెటకారంగా ఉంటుందక్కా."

"వెటకారం ఏముందిరా? ఉన్నమాటే కదా."

రాశాడు. దానికి ఏ ప్రశ్నా రాలేదు.

ఈ లోపల లాడ్జి బోర్డు దించకపోవడం వల్ల బస్సు దిగిన ప్రయాణికులు వచ్చి తలుపు తట్టేవాళ్ళు. "రూములున్నాయా?" అని అడిగితే మరదలు, "బోలెడున్నాయి బాబూ. మానసిక డాక్టరు రాసిచ్చిన చీటీ తెచ్చుకున్నారా?" అనేది. పెట్టె కూడా కింద పెట్టకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

ఇక గడియల సంగతి. లాడ్జి రోజుల్లో అవి గదుల లోపలి వైపే ఉండేవి. తలుపులు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి, "గడియలు ఎటువైపు బిగించమంటారమ్మా?" అని అడిగాడు. సిస్టరమ్మ దుప్పట్లు లెక్కపెడుతోంది. "గడియ బయట కాక ఇంకెక్కడ పెడతారయ్యా?" అంది తలెత్తకుండానే. అతను మారు మాట్లాడకుండా పదకొండు తలుపులకీ బయటే బిగించి వెళ్ళిపోయాడు. వారం తర్వాత తమ్ముడు నిబంధనల పుస్తకం పట్టుకుని గది గదీ తిరుగుతూ పంతొమ్మిదో పేజీ దగ్గర ఆగాడు.

"అక్కా, వచ్చి ఉండేవాళ్ళ గదులకి బయట గడియ ఉండకూడదట."

"ఎందుకుంటుంది?"

"ఓసారి ఇటు చూడు."

చూసింది. వారం రోజులుగా ఆ తలుపుల ముందు నుంచే పైకీ కిందికీ తిరుగుతోంది, ఒక్కటీ ఆవిడ కంట పడలేదు. "ఎవడు పెట్టాడివి?" అంది. వడ్రంగిని పిలిపించి అడిగితే అతను ఆవిడ మాట ఆవిడకే అప్పజెప్పాడు. ఆ సాయంత్రం పది గడియలు ఊడొచ్చాయి. పదకొండోది ఆఫీసు గదిది. అందులో ఉండేది ఫైళ్ళు, వాటికి భద్రత కావాలని ఇరవై మూడో పేజీలో ఉంది కాబట్టి తమ్ముడు దాన్ని ఉంచెయ్యమన్నాడు.

ఇరవై ఆరో తారీఖు పొద్దున తనిఖీకి ఇద్దరు వచ్చారు. ఒకాయన పెద్ద డాక్టరు, నిమిషానికోసారి గడియారం చూసుకునే రకం. రెండో ఆయన లైసెన్సులిచ్చే బోర్డులో సభ్యుడు, సన్నగా, చేతిలో గుడ్డసంచీతో. పెద్దగా మాట్లాడలేదు. కిటికీలు, స్నానాలగదులు, కరెంటు స్విచ్చులు, నీళ్ళ ట్యాంకు అన్నీ చూశారు. దేనికీ వంక పెట్టలేదు. చివర ఆఫీసు గదిలో కూర్చుని రిజిస్టర్లు అడిగారు. సిస్టరమ్మ తీసిచ్చి, "చూస్తూ ఉండండి సార్, టీ తెస్తాను," అని బయటికొచ్చింది.

వంటగదిలో సరిగ్గా అప్పుడే గ్యాసు అయిపోయింది. తమ్ముడు కొత్త సిలిండరు మోసుకొచ్చి బిగించేసరికి కొంత ఆలస్యమైంది. ఇంతలో ఎక్కడో తలుపు చప్పుడు.

"వదినా, ఎవరో తలుపు కొడుతున్నట్టుంది."

"కొట్టనీ. కాసేపటికి సర్దుకుంటారు," అంది సిస్టరమ్మ, పాలగిన్నె వైపే చూస్తూ.

చప్పుడు పెద్దదైంది. సిస్టరమ్మ గొంతు పెంచి, "వస్తున్నా నాయనా, కాస్త ఓపిక పట్టు. బాదితే టీ ముందే రాదు," అని కేకేసింది.

మరదలు కప్పులు సర్దడం ఆపేసింది. "వదినా. లోపలున్నది డాక్టరు గారు."

సిస్టరమ్మ ట్రే పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఆఫీసు గది గడియ బయట నుంచి నిండుగా వేసి ఉంది. వేసింది ఎవరని అడగక్కర్లేదు. అటు వెళ్ళింది తనొక్కతే. తీసింది. డాక్టరు గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో ఫోనుతో, ముఖం కందగడ్డలా చేసుకుని. వెనక బోర్డు సభ్యుడు కుర్చీలో కాళ్ళు బారజాపుకుని దుప్పట్ల రిజిస్టరు చదువుతున్నాడు.

"ఇరవై రెండు నిమిషాలు," అన్నాడు డాక్టరు. "మీకు ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను."

"డ్యూటీలో ఫోను సొరుగులో పెట్టేస్తాను సార్."

తమ్ముడు మధ్యలో దూరాడు. "పాత తలుపు సార్. గాలికి గడియ జారి పడుంటుంది."

డాక్టరు గడియ వంక చూశాడు. అడ్డంగా జరిపి, పిడి కిందికి మడిస్తే గానీ పడని గడియ అది. అయినా గాలి మాట ఒప్పుకుంటే అందరికీ తేలికే. ముప్పయ్యో తారీఖుకి ఇంకా నాలుగు రోజులుంది. సిస్టరమ్మకి అది గుర్తుంది.

"గాలి కాదు సార్. నేనే వేశాను," అంది. "వేసినట్టు నాకు తెలీదు. తెలియకపోవడం ఇంకా పెద్ద తప్పు. మీరు కొట్టడం విన్నాను. విని కూడా రాలేదు."

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు పెన్ను మూత పెట్టేశాడు. "ఇలాంటి చోటికి లైసెన్సు ఎలా ఇవ్వమంటారు?"

సిస్టరమ్మ ట్రే పట్టుకుని అలాగే నిలబడింది.

"టీ చల్లారుతోంది డాక్టరు గారూ," అన్నాడు బోర్డు సభ్యుడు. లేచి వచ్చి కప్పు అందుకున్నాడు. "ఆరేళ్ళున్నాను నేను. ఇక్కడ కాదులెండి, వేరే ఆస్పత్రిలో. పేషెంటుగా. అందుకే ఇందాకట్నుంచీ చెబుతున్నా, కొట్టి లాభం లేదు, కూర్చోండి, టీకి ఎలాగూ తీస్తారని. ఈయన వింటేగా."

డాక్టరు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఆరేళ్ళలో గడియ ఎవరు వేశారని నేను చాలాసార్లు అడిగాను. ఎప్పుడూ గాలే వేసేది. నేనే వేశానన్న సిస్టరుని ఇవాళే చూస్తున్నా."

"అంటే ఇచ్చెయ్యమంటారా?"

"ఊరికే ఎందుకిస్తాం? ఈవిడ చెయ్యి ఈవిడ మాట వినదు. గడియలూ తాళాలూ ఆ చేతికి అందకుండా చేసి ఇద్దాం. ఏమంటావమ్మా?"

"రాయండి," అంది సిస్టరమ్మ. "ఎన్నయినా రాయండి."

మూడు షరతులు రాశారు. ఆఫీసు గడియ అక్కడికక్కడే ఊడదీయాలి. సిస్టరమ్మ ఏ గదిలోకైనా తలుపు తట్టి, లోపలి నుంచి సరేనన్నాకే వెళ్ళాలి. వీధి తలుపు తాళం ఉద్యోగుల దగ్గర కాదు, అక్కడ ఉండేవాళ్ళలో ఒకరి దగ్గర ఉండాలి. లైసెన్సు ప్రస్తుతానికి ఆరు నెలలకే. తమ్ముడు స్క్రూలు తీస్తుంటే డాక్టరు చివరి స్క్రూ దాకా పక్కనే నిలబడి చూశాడు.

"ఈసారి చెప్పకుండా వస్తాను," అన్నాడు వెళ్తూ.

"రండి సార్," అంది మరదలు. "ఈసారి టీ ముందిచ్చాకే రిజిస్టర్లు ఇస్తాం."

కాగితం ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం చేతికొచ్చింది. మర్నాడు పదింటికి లెక్కల టీచరు ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగుతో ఆటో దిగింది. గోడకి తగిలించిన లైసెన్సు పైనుంచి కిందిదాకా చదివి, మూడో షరతు దగ్గర వేలు పెట్టి, చెయ్యి చాపింది. సిస్టరమ్మ వీధి తలుపు తాళంచెవి ఆ చేతిలో పెట్టింది.

సోమవారం ఇంకో ఇద్దరు వస్తున్నారు. అప్పటికి మంచాలు ఇంకా ఏడు ఖాళీ.