నేను వడ్డించిన పెళ్ళిభోజనం

దీన్ని కడుపులో పెట్టుకుని చాలా ఏళ్ళు తిరిగాను. భార్యకు చెప్పలేదు. మంత్రాలయంలో తుంగభద్రలో మునిగి తప్పులన్నీ ఒప్పుకున్న రోజున కూడా ఈ ఒక్కటీ దాటవేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో కర్నూలులో ఒక వారపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. ఆ ఏడు వానల్లేవు. కొర్ర పైరు మొలకలోనే మాడిపోయింది. అయినా ఊళ్ళో అందరి నోటా ఒక పెళ్ళి మాటే. పద్యం ఎత్తుకుంటే జనం ఊగిపోయే నాటకాల నటుడు, గ్రామఫోను ప్లేట్లతో మద్రాసు దాకా పేరు మోసినవాడు, మా ఊరి వర్తకుడి కూతుర్ని చేసుకోబోతున్నాడు. నగలు, పందిరి, మేళం, ఏది రాసినా పత్రిక మధ్యాహ్నానికే అయిపోయేది. సంపాదకుడు ఇంకా కావాలన్నాడు. నాకు తెలిసింది అయిపోయింది. నిజానికి కరువురోజుల్లో ఆర్భాటం వద్దు, ఇంటివరకే చేసుకుందామని ఆ నటుడే అన్నాడట. అది రాస్తే ఎవరు కొంటారు?

అందుకని ఇలా రాశాను: పెళ్ళి జరిగే మూడునాళ్ళూ కులమతాల పట్టింపు లేకుండా వచ్చినవారందరికీ భోజనం. రాసేటప్పుడు ఒక్కసారైనా వెనకాడానా? లేదు. వాక్యం బాగా కుదిరిందని మళ్ళీ చదువుకుని మురిసిపోయాను కూడా.

పెళ్ళినాడు పొద్దున్నే వర్తకుడి వీధి నిండిపోయింది. ఆ ఇంటివాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. ఉన్నదేదో ముందున్నవాళ్ళకు పెట్టి తలుపులు మూసుకున్నారు. అరుగు పక్కన ఒకావిడ ఇద్దరు పిల్లలతో ఎండలో కూర్చుని ఉంది. పలకరిస్తే చెప్పింది. పేరు సారమ్మ, ఓర్వకల్లు దగ్గర పల్లె. ఆమె, మొగుడు సర్కారు పెట్టిన కరువు పనిలో కంకర కొట్టేవాళ్ళు. ఆదివారం ప్రార్థన అయ్యాక బడిపంతులు నా వార్త చదివి వినిపించాడట.

"పని ఇడిసిపెట్టి వచ్చినామప్పా. పేరు పిలిచినప్పుడు ల్యాకుంటే వేరేవాళ్ళను పెట్టుకుంటారు. పిల్లోళ్ళు అన్నం మొగం చూసి శానా దినాలయింది. ఈడ చూస్తే తలుపులేసుకుండారు. పేపర్లో అబద్ధం రాయరు గదప్పా?"

"రాయరమ్మా," అన్నాను.

"మరి ఇట్లెందుకు చేసినారు?"

"పెద్దోళ్ళు గదమ్మా. మాటిచ్చి తప్పినారు."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. సారమ్మ మూసిన తలుపుల వైపు చూసి పెళ్ళికూతురికి శాపనార్థాలు పెట్టింది. నా పక్కనే నిలబడి ఏ పాపమూ తెలియని పిల్లను తిట్టింది.

మర్నాడు మనసు నిలవక కరువు పని జరిగేచోటికి వెళ్ళాను. ఓవర్సీరు ఎదురొచ్చి, "పెళ్ళి సంగతులు శానా బాగా రాసినారు సార్, మా ఇంట్లో ఆడోళ్ళు నోరు తెరుచుకొని విన్యారు," అన్నాడు. సారమ్మ సంగతి అడిగాను. దూరంగా ఒక రాతిగుండు నీడన పిల్లలతో కూర్చున్న మొగుడూ పెళ్ళాలను చూపించాడు. పెళ్ళన్నానికి ఆశపడి పోయినారనీ, వాళ్ళచోట వేరేవాళ్ళను పెట్టేశాననీ, పొమ్మన్నా పోవడం లేదనీ చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆయనకు నా మాట మీద గురి. అది నేను కల్పించిన వార్త, వాళ్ళ తప్పేం లేదు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే అప్పటికప్పుడే పనిలోకి తీసుకునేవాడు. చెబితే నా ఉద్యోగం పోయేది. పోతే? మా ఇంట్లో గాదె నిండా జొన్నలున్నాయి. నా పిల్లలు పస్తు పడుకునేవాళ్ళు కాదు. మరి దేనికి భయపడ్డాను? బాగా రాస్తాడన్న పేరు పోతుందని. అంతే. సారమ్మ నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది, ఆమె కోసం మాట్లాడటానికే వచ్చాననుకుంది కాబోలు. నేను తల తిప్పుకుని బండెక్కాను.

తర్వాత మళ్ళీ వెళితే ఆ నీడన ఎవరూ లేరు. ఎక్కడికి పోయారో ఎవరికీ తెలియదు. ఆ పిల్లలు బతికారో లేదో నాకు తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు, నేనెవర్ని అడగడానికి? ఆ రోజు అరుగు పక్కన అనవలసిన మాట ఇన్నాళ్ళకు నోటికి వచ్చింది. రాస్తారు సారమ్మా, పేపర్లో అబద్ధం రాస్తారు. అది రాసింది నేనే.

అన్నాను. ఆమె వినలేదు. అయినా అన్నాను.