కిలో ముప్ఫై లెక్కన రివాల్వరు

మా త్రిమూర్తులు బాబాయి ప్రపంచాన్నంతా కిలోల్లోనే చూస్తాడు. మండపేట మిల్లుల రోడ్డులో ఆయనది పాత ఇనప సామాన్ల కొట్టు, పక్కనే నాది మోటార్లకి వైండింగ్ చేసే కొట్టు. వరసకేం బాబాయి కాడు. ఇరవయ్యేళ్ళుగా నన్ను హక్కుగా తిడుతున్నాడు కాబట్టి బాబాయి. ఏ వస్తువు కనపడినా కన్నార్పకుండా బరువు చెబుతాడు, ఆ రోజు ఇనుము రేటుతో గుణిస్తాడు, వచ్చిన అంకె మొహం మీద పడేస్తాడు.

మా ఊరి డాక్టరు గారు పాతిక లక్షలు పోసి కారు కొని, కొబ్బరికాయ కొట్టి, "ఎలా ఉందండి త్రిమూర్తులు గారూ" అనడిగారు. అడక్కుండా ఉండాల్సింది.

"పదిహేను క్వింటాళ్ళండి. అద్దాలూ సీట్లూ రబ్బరూ తీసేస్తే తొమ్మిది. ఇరవై ఏడు వేలు."

డాక్టరు గారి చేతిలో కొబ్బరిచిప్ప చేతిలోనే ఉండిపోయింది. తర్వాత బాబాయి కాలు విరిగితే ఆ డాక్టరు గారే రాడ్డు వేశారు. మత్తు దిగీ దిగకుండానే బాబాయి అడిగిన మొదటి మాట, "ఎన్ని గ్రాములు వేశారండి?" ఆయన భార్య పాపాయి పిన్ని అక్కడే నెత్తి కొట్టుకుంది.

నా సంగతి చెప్పాలి. ఒక ఏడాది పనుల్లేక, మా నాన్న వాడిన వైండింగ్ మిషను అమ్మేద్దామని ఆయన్ని రేటడిగాను. "పద్నాలుగు కిలోలు. నాలుగొందల ఇరవై" అన్నాడు. మా నాన్న చెమటకి నాలుగొందల ఇరవయ్యా అని ఒళ్ళు మండిపోయి, దాన్ని మళ్ళీ బల్లకి బిగించేశాను. నెల్లాళ్ళు ఆయనతో మాట్లాడలేదు.

అయితే ఒకటి. కొట్టుకి ఏ ముక్క వచ్చినా తూచే ముందు తిరగేసి, బొటనవేలితో రుద్ది చూస్తాడు. రైల్వే వాళ్ళదో కరెంటు వాళ్ళదో ముద్ర కనపడిందా, బంగారమైనా ముట్టుకోడు. ముద్ర ఉన్న ఇనుము కొన్నవాడు కటకటాలు లెక్కపెడతాడు. నలభయ్యేళ్ళలో ఆయన మీద ఒక్క కేసు లేదు.

అలాంటి కొట్టుకి పోయిన నెల ఒక రివాల్వరు వచ్చింది.

తెచ్చింది రిటైర్డ్ ఎస్సై అమ్మిరాజు గారి కొడుకులు. ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. చిన్నకొడుకు సురేష్‌బాబుకి అటక మీది బియ్యం డబ్బా అడుగున, తువ్వాలులో చుట్టి దొరికిందట. అప్పట్నించి ఇంట్లో నిప్పులే. దొరికింది నాకు కాబట్టి నాదే అంటాడు చిన్నవాడు. పెద్దకొడుకుని, నాదంటాడు గణేష్‌బాబు. పాత పోలీసు తుపాకులు సేకరించేవాళ్ళు నాలుగు లక్షల దాకా ఇస్తారని సురేష్‌బాబు ఫోన్లో చూశాడు. దాంతో అన్నదమ్ములకి మాటల్లేవు. తండ్రి సంవత్సరీకం కూడా ఎవరిది వాళ్ళే పెట్టుకుంటామని చెరో పురోహితుణ్ణి మాట్లాడుకున్నారు. ఒక్క మనిషికి రెండు సంవత్సరీకాలు ఎక్కడైనా విన్నారా?

వాళ్ళ వెనకాలే తల్లి సూర్యకళ గారు ఆటో దిగింది. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

సురేష్‌బాబు తువ్వాలు విప్పాడు. నేను బాబాయి వెనక్కి నక్కాను. తూటాలు లేవన్నాడు గానీ, ఆ మాట నమ్మి ఎదురుగా నిలబడతామా?

"సరైన రేటు చెప్పండి త్రిమూర్తులు గారూ. మీ మాటంటే మా ఇద్దరికీ నమ్మకం" అన్నాడు గణేష్‌బాబు.

బాబాయి దాన్ని తిరగేశాడు. పిడి కింద బొటనవేలితో రుద్దాడు. వేలు అక్కడే ఆగిపోయింది. సూర్యకళ గారి కేసి ఒక్కసారి చూశాడు. ఆవిడ తల దించుకుంది. తర్వాత తక్కెట్లో పెట్టాడు.

"ఏడొందల అరవై గ్రాములు. చెక్క తీసేస్తే ఏడొందలు. కిలో ముప్ఫై. ఇరవై ఒక్క రూపాయి."

అన్నదమ్ములిద్దరూ వంగి తక్కెడ ముల్లు చూశారు.

"నాలుగు లక్షలండి బాబూ" అన్నాడు సురేష్‌బాబు.

"లోపల తుప్పు. ఇది తుపాకీ కాదు, తుపాకీ లాంటి ఇనుము. లైసెన్సు ఉందా?"

"లేదు."

"అయితే అమ్మబోతే జైలు. ఇరవై ఒక్క రూపాయికి జైలు, గిట్టుబాటు అవుతుందేమో మీరే చూసుకోండి." పదిన్నర పదిన్నర చొప్పున ఇద్దరి చేతుల్లో పెట్టాడు. "నేను కొన్నాను, మీరు అమ్మేశారు. ఇంక దీంతో మీకు సంబంధం లేదు."

అన్నదమ్ములు అరచేతుల్లో చిల్లర చూసుకున్నారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నెలరోజులు కొట్టుకున్నది పదిన్నర కోసమా అని సిగ్గుపడిపోయి, ఒకే బండి మీద వెళ్ళిపోయారు. సూర్యకళ గారు మాత్రం కాసేపు ఉండి, బాబాయితో ఏదో చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున్నే పాపాయి పిన్ని పరిగెత్తుకొచ్చింది. "కిరణ్, మీ బాబాయిని రివాల్వరుతో స్టేషన్లో కూచోబెట్టారంటరా."

కొట్టు అలాగే వదిలేసి పరిగెత్తాను. వెళ్ళి చూద్దును కదా, బాబాయి బల్ల మీద కూచుని, ఆవరణలో పడున్న పాత మోటారుసైకిళ్ళకి వెల కడుతున్నాడు. అవయ్యాక లాకప్పు ఊచల కేసి తిరిగాడు. "రెండు క్వింటాళ్ళుంటాయండి. పాతకాలం ఇనుము, గట్టిది."

"పెద్దాయనా, మీరు కాసేపు తూచకుండా కూచోండి" అంది ఎస్సై దుర్గాశ్రీ గారు. "మళ్ళీ చెప్పండి. ఇది మీకెక్కడిది?"

"కాలువ పూడిక తీసిన మట్టిలోంచి వచ్చిన ఇనుములో ఉందండి."

నలభయ్యేళ్ళు ముద్ర ఉన్న మేకు కూడా ముట్టని మనిషి, తన కొట్టుకి పోలీసు తుపాకీ వచ్చిందని తనంతట తానే తెచ్చిచ్చి, రాసిస్తున్నాడు. బయట జనం అప్పుడే, "దొంగ సరుకు కొంటాడంటగా" అని గుసగుసలు మొదలెట్టారు.

పాత రిజిస్టర్లు తిరగేసేసరికి సాయంత్రమైంది. తుపాకీ నంబరు దొరికింది. ఎనభై ఆరు వరదల్లో పడవ తిరగబడి, ఎస్సై అమ్మిరాజు గారి రివాల్వరు కాలువలో పోయినట్టు రాసుంది. దుర్గాశ్రీ గారు పుస్తకం చూసింది, బాబాయిని చూసింది, తుపాకీ మీద మట్టిచుక్క కూడా లేకపోవడం చూసింది. పుస్తకం మూసేసి, "కాలువలో పోయింది కాలువలోనే దొరికిందన్న మాట. సంతకం పెట్టి వెళ్ళండి" అంది.

దారిలో పట్టుకుని అడిగాను. "అబద్ధం ఎందుకు చెప్పావు బాబాయ్?"

"పిడి కింద డిపార్ట్‌మెంటు ముద్ర ఉందిరా. సూర్యకళ గారు చెప్పింది, పోయిందని రాసేశాక మూడు నెల్లకి మట్టిలో దొరికిందట అమ్మిరాజు గారికి. చెబితే ఉద్యోగం పోతుందని భయం. ముప్ఫై ఎనిమిదేళ్ళు దాచుకుని, గుమ్మం చప్పుడైతే ఉలిక్కిపడ్డాడు పాపం. ఆ ముద్రతో వీళ్ళు బేరానికి పెడితే, పోయినాయన్ని ఊరంతా దొంగ అనదూ?"

"మరి నిజంగా ఎంత చేస్తుంది?"

"ముద్ర లేకపోతే నాలుగు లక్షల ఎనభై వేలు."

నడిరోడ్డు మీద ఆగిపోయాను. ఈయన నోట కిలో లేని ధర వినడం నాకదే మొదలు.

"నీకు అసలు రేట్లు తెలుసా?"

"తెలీకుండా కొట్టు ఎలా నడుస్తుందిరా? విలువ చెబితే కొట్టుకుంటారు. బరువు చెబితే ఊరుకుంటారు."

"మా నాన్న మిషను?"

"అప్పట్లో పన్నెండు వేలు. చెప్పుంటే అమ్మేసేవాడివి."

ఆ మిషను మీదే ఇవాళ మా ఇంట్లో నాలుగు నోళ్ళు నడుస్తున్నాయి. ఆయనకి టీ ఇప్పించాను. గ్లాసు ఎంత తూగుతుందో చెప్పి తాగాడు.

అమ్మిరాజు గారి సంవత్సరీకం ఒకటే జరిగింది. ఈలోగా సూర్యకళ గారు కొడుకులకి ఉన్న సంగతి చెప్పేసినట్టుంది. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి వడ్డించారు. బాబాయి విస్తట్లో నేతిచుక్క తగ్గితే ఒట్టు. అంతా బాగానే ఉంది గానీ, గణేష్‌బాబు పరమాన్నం ఉన్న ఇత్తడి గుండిగ కేసి చూస్తూ, "ఇది మా తాతగారి నాటిది త్రిమూర్తులు గారూ. ఇప్పుడెంత చేస్తుందంటారు?" అనేశాడు.

సురేష్‌బాబు చేతిలో గరిటె ఆగింది. సూర్యకళ గారి మొహం మళ్ళీ పాలిపోయింది.

బాబాయి ఎడంచెయ్యి చాచి గుండిగ అంచు మీద బొటనవేలితో రుద్దాడు. అక్కడ తాతగారు చెక్కించిన కొడుకు పేరుంది, అమ్మిరాజు అని.

"ముద్ర ఉందండి. ముద్ర ఉన్నది నేను కొనను, ఎవరినీ కొననివ్వను. ఇంకో గారె వెయ్యండమ్మా."