సున్నం పట్టీ దాటిన ఎర్ర కారు

ఉద్యోగ విరమణకు ఏడాది ముందు, ఎండాకాలం చివర్లో, నన్ను ఆటోనగర్ దారిలో మూడు రోజుల వాహనాల లెక్కకు సూపర్‌వైజరుగా వేశారు. ఒక కార్ల కంపెనీకి తమ చిన్న స్పోర్ట్స్ మోడల్ విశాఖ రోడ్ల మీద ఎంత విరివిగా తిరుగుతోందో తెలియాలి. బాగా తిరుగుతుంటే ఇక్కడ సర్వీస్ సెంటర్ పెడతారు, లేకపోతే లేదు. మా పద్ధతి సులువు. రోడ్డుకు అడ్డంగా సున్నంతో పట్టీ వేస్తాం. ఆ మోడల్ పట్టీ దాటినప్పుడల్లా కాగితం మీద నిలువు గీత పెడతాం. నాలుగయ్యాక ఐదోది అడ్డంగా కొడతాం. నంబరు ప్లేటు రాసుకోం.

మొదటి రోజు పదింటికే, నా కింద గీతలు పెట్టే సత్యవతి కాగితం నిండిపోయింది. టీ కొట్టులో కూర్చుని గీతలు కొట్టేసేవాళ్లను చాలామందిని చూశాను కాబట్టి ఆమెను గట్టిగానే నిలదీశాను.

"అన్నీ దాటినవే సార్. కాపోతే అన్నీ ఎర్రవే. డ్రైవరు పెతీసారీ నాకు దండవెడతన్నాడు," అంది.

తర్వాతి చుట్టులో కారు ఆపించాను. దిగినాయన పేరు అప్పలరాజు, క్రేన్ ఆపరేటరు. ఊళ్లో ఆ మోడల్ తనదొక్కటేనట. క్లచ్ ప్లేటు కోసం చెన్నైకి రాసి మూడు నెలలైందట. ఈ లెక్క సంగతి అక్కడివాళ్లే చెప్పారట.

"సర్వీస్ సెంటర్ రాపోతే నా బండి తుక్కే సార్. సెలవెట్టి మరీ తిరుగుతన్నాను. ఏటి, పట్టీ దాటకూడదని రూలుందేటి?" అన్నాడు.

లేదు. ఆఫీసుకు ఫోన్ చేశాను. దాటిన ప్రతి వాహనమూ లెక్కేననీ, వచ్చిందే మళ్లీ వస్తే వదిలేయమని ఎక్కడా రాయలేదనీ మేనేజరు తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. అయినా గీతలు పెడుతూనే ఉన్నాం.

మూడో రోజు మధ్యాహ్నం ఆ కారు సరిగ్గా పట్టీ మీదే ఆగిపోయింది. క్లచ్ పోయింది. ముందు చక్రాలు దాటాయి, వెనకవి దాటలేదు. మా రూలు ప్రకారం నాలుగూ దాటితేనే లెక్క. అప్పలరాజు స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. నిజంగానే జాలేసింది. సత్యవతి పెన్ను చెవి మీద పెట్టుకుని, "రండి సార్, ఓ సెయ్యెయ్యండి," అంది. ఇద్దరం తోశాం. ఆమె వెనక్కి వచ్చి గీత పెట్టింది, నేను సంతకం చేశాను.

నగరంలో ఆ మోడల్ విరివిగా తిరుగుతోందని నివేదిక వెళ్లింది. సర్వీస్ సెంటర్ వచ్చింది. ప్రారంభం రోజు ఆరుగురు మెకానిక్కులు కొత్త యూనిఫారాల్లో వరసగా నిలబడితే, తాడు కట్టి లాక్కొచ్చిన ఎర్ర కారొక్కటే గేటులోకి వచ్చింది. నెల తిరిగినా రెండోది రాలేదు.

మా కాగితాల్లో తప్పుడు గీత ఒక్కటీ లేదు. ఎన్నిసార్లు దాటింది అన్నది ఒక ప్రశ్న, ఎన్ని ఉన్నాయి అన్నది ఇంకో ప్రశ్న. సున్నం కలపకముందే ఈ రెండింటిలో ఏది కావాలో కంపెనీని అడగాల్సింది నేను. అడగలేదు.