ఫ్లెక్సీలో నా మొహం ఉండాల్సిన చోటు

ఆ రోజుల్లో మా అనకాపల్లిలో ఫలానా మనిషి ఉన్నాడని ఊరికి తెలియాలంటే వాడు ఫ్లెక్సీ ఎక్కాలి. పుట్టినరోజైనా, పెళ్లిరోజైనా, పదో తరగతి మూడోసారికి గట్టెక్కినా, నల్లకళ్లజోడు పెట్టుకుని వచ్చేపోయేవాళ్లకి నమస్కారం పెడుతూ కూడలిలో వేలాడాల్సిందే. అటువంటి రోజుల్లో నాకు న్యాయంగా రావాల్సిన ఫ్లెక్సీ ఒకటి రాలేదు. ఈ సంగతి పన్నెండేళ్లుగా చెబుతున్నాను. విన్నవాళ్లు ‘అయ్యో’ అని టీ తాగి వెళ్లిపోయారు. బంధువుల వాట్సాప్ గ్రూపులో మూడు పేజీలు రాశాను. అందరూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, దాని కిందే మా పిన్ని గులాబీపువ్వుతో గుడ్ మార్నింగ్ పెట్టింది. నా వాళ్లు ఎలాగూ వినడం లేదు కనుక, పాఠకులైన మీకు చెబుతున్నాను.

నేను పాలిటెక్నిక్ చదివేటప్పుడు బెల్లం మార్కెట్ దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. దాని యజమానిని మేమంతా సర్వర్ బాబాయి అనేవాళ్లం (కరెంటు పోయినా, ఎలక కేబుల్ కొరికినా, ఆయనకి కడుపులో బాగోలేకపోయినా ‘సర్వర్ డౌన్’ అనే చెప్పేవాడు). అక్కడ నలుగురు కలిసి ఆడే ఒక ఆట మాకు అన్నం కంటే ఎక్కువైంది. మధ్యలో మన పవర్‌హౌస్, దానికి నాలుగు గేట్లు. మరమనుషులు గుంపులు గుంపులుగా వచ్చి దాన్ని బద్దలుకొట్టాలని చూస్తారు. ఒక గుంపుని ఆపితే ఇంకా పెద్ద గుంపు వస్తుంది. ఆట మొదలయ్యే ముందే నలుగురూ నాలుగు వేషాలు ఎంచుకోవాలి: తుపాకీవాడు, బాంబులవాడు, డాక్టరు, ఇంజినీరు. ఎంచుకోవాలి అన్నాను గానీ, మా జట్టులో ఎంచుకున్నది ఒక్కడే. వాడు మా బావ, మునగపాక మామయ్య కొడుకు. తుపాకీ వాడు తీసుకున్నాడు. కళ్లజోడు మందంగా ఉండి గురి కుదరని సోడాబుడ్డికి బాంబులిచ్చాడు. ఇంకొకడి నాన్న కాంపౌండరు కాబట్టి వాణ్ని డాక్టరు చేశాడు. నన్ను చూసి, “నువ్వు డిప్లొమా కదేటి బావా, ఇంజినీరు నువ్వే” అన్నాడు. కౌన్సెలింగ్‌లో కూడా నాకు సీటు అంత త్వరగా రాలేదు.

ఇంజినీరు పనేమిటంటే, వాటంతట అవే కాల్చే మరతుపాకులు నాలుగు నిలబెట్టాలి, కంచెలు కట్టాలి, విరిగినవి రెంచీతో బాగుచేయాలి. తుపాకీవాడు ఒక్కణ్ని పడగొడితే సెంటరంతా ఈలలు. నేను కంచె కడితే, “ఏటి బావా, ఇంకా గోడలు పూత్తన్నావా? సున్నం కూడా కొట్టేత్తావేటి?” అని నవ్వులు. గేటుకొకటి చొప్పున నాలుగు మరతుపాకులూ పెట్టమని బావ ఆజ్ఞ. అలాగే పెట్టేవాణ్ని, ప్రతిసారీ ఎనిమిదో గుంపుకి పవర్‌హౌస్ కూలిపోయేది. నేరం ఇంజినీరుదే. (ఈ ఒక్క విషయంలో మాత్రం ఆట నిజజీవితంలాగే ఉండేది.)

ఇంతలో చోడవరం నెట్ సెంటర్‌వాళ్లు పందేనికి పిలిచారు. రెండు జట్లూ ఎవరి ఆట వాళ్లు ఆడాలి, ఎవరు ఎక్కువ గుంపుల్ని తట్టుకుంటే వాళ్లది గెలుపు. గెలిచిన నలుగురికీ ఫ్లెక్సీ కట్టిస్తానని సర్వర్ బాబాయి మాటిచ్చాడు. దాంతో నాకు నిద్ర పట్టలేదు. ఆ ఆదివారం మునగపాక వెళితే మామయ్య చెరకుతోటకి కంచె కడుతున్నాడు. మూడు పక్కలా దిట్టంగా కట్టి, నాలుగోవైపు సందు వదిలేశాడు. మర్చిపోయాడనుకుని చెప్పాను.

“మర్సిపోనేదురా అల్లుడూ. అంతా కట్టేత్తే పంది ఎటేపునుంచి దూరతాదో నీకేటి తెలుత్తాది? ఒక సందు ఒగ్గీ. అది అటే వత్తాది. నువ్వు అక్కడ కాసుకో.”

పొలం గట్టు మీదే నాకు పవర్‌హౌస్ కనబడింది. ఆ తోట వారసుడైన మా బావకి ఈ కిటుకు తెలియదు. వాడు చెరకుని రసం రూపంలో తప్ప ఎరగడు.

పందెం రోజు చోడవరంవాళ్లు ముందు ఆడి పదకొండో గుంపు చేతిలో కూలిపోయారు. మేము పదకొండు దాటితే చాలు. నేను ఎవరికీ చెప్పకుండా మూడు గేట్లు కంచెలతో మూసేసి, నాలుగోది బార్లా తెరిచి, నాలుగు మరతుపాకుల్నీ లోపలినుంచి దానివైపే గురిపెట్టాను. పది గుంపులు ఎలాగో గడిచాయి. గురి తప్ప ఇంకేమీ చూడని బావ, పదకొండోది వచ్చేటప్పుడు గానీ ఆ గేటు చూడలేదు.

“ఓర్నాయనో! గేటు ఒగ్గీసేవేటి బావా?”

“కావాలనే ఒగ్గేను. నువ్వు లోపలుండు.”

“నీకు మతుందా? తప్పుకో, నేన్ సూసుకుంతాను!”

వీరుడు ఒంటరిగా గేటుకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. సరిగ్గా నాలుగు సెకన్లు నిలబడ్డాడు. వాడికి కట్టు కట్టడానికి వెళ్లి డాక్టరు పోయాడు. సోడాబుడ్డి బాంబు విసిరాడు, అది గోడకి తగిలి తిరిగొచ్చి వాడి కాళ్ల దగ్గరే పేలింది. ముగ్గురూ కుర్చీల్లో వెనక్కి వాలిపోయారు. మరమనుషులందరూ మామయ్య చెప్పినట్టే ఆ ఒక్క సందులోంచే వచ్చారు. నాలుగు మరతుపాకులూ మోగుతుంటే నేను దాని దగ్గర్నుంచి దీని దగ్గరకి రెంచీ పట్టుకుని పరిగెత్తాను. ఆఖరి మరమనిషి పడిపోయేసరికి పవర్‌హౌస్ నిలబడే ఉంది. అందరూ లేచి బావని భుజాల మీదకెత్తుకున్నారు. తెర మీద వచ్చిన లెక్కలో వాడే మొదట ఉన్నాడట! మరతుపాకులు పడగొట్టినవి ఇంజినీరు పేరున కాకుండా మరతుపాకుల పేరునే వేస్తుందట ఆట. నన్ను మోయడానికి వచ్చిన ఒకే ఒక్కడు, పొరపాటున వచ్చానని చెప్పి వెళ్లిపోయాడు.

మూడోరోజు ఫ్లెక్సీ కట్టారు. ‘అనకాపల్లి సింహాలు’. తుపాకీతో బావ, బాంబుతో సోడాబుడ్డి, స్టెతస్కోపుతో కాంపౌండరుగారి అబ్బాయి. నాలుగో చోట మరతుపాకీ బొమ్మ. దానికి కూడా నల్లకళ్లజోడు పెట్టారు.

“ఇదేటి బాబాయ్?” అన్నాను.

“ఫొటో తెమ్మంతే నువ్వు ఆధార్ జెరాక్స్ తెచ్చేవు. అందులో నువ్వే కాదు, ఎవుడైనా అలాగే ఉంతాడు. ఈ మిసను బొమ్మ తేటగా వచ్చింది. నువ్వెట్టిందే గదా, నువ్వే అనుకో!”

అమ్మని తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూసి, “సల్లగా ఉండాలి, నా అన్న కొడుకు ఎంత బాగున్నాడో” అంది.

మొన్న బావ కూతురికి చెవులు కుట్టించారు. భోజనాల దగ్గర వాడు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ కథ చెబుతున్నాడు. పదకొండో గుంపు ఇప్పుడు ఇరవయ్యోది అయింది. “అందరూ సచ్చిపోయేరు. నేనొక్కణ్నే గేటుకాడ నిలబడి ఆపేను” అన్నాడు. విస్తరి ముందునుంచి లేచాను.

“బావా, ఆ గేటు ఒగ్గింది ఎవరో పిల్లలకి సెప్పు.”

“ఇంకా ఆ గొడవేటి బావా, బూరె తిను.”

పక్క కుర్చీలో ఉన్న మామయ్య తలెత్తాడు. “సందు ఒగ్గడమా? అది నేన్ సెప్పిందే గదరా అల్లుడూ! మరి నా పేరు ఎక్కడైనా సెప్పేవా?”

కూర్చుని బూరె తిన్నాను. ఇంటికొచ్చి వాట్సాప్‌లో రాసిన మూడు పేజీలూ మళ్లీ చదివాను. ‘నా బుర్ర’ అని ఐదుసార్లు ఉంది, ‘మామయ్య’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. రెంచీ పట్టుకుని పరిగెత్తిన ఆ పందొమ్మిదేళ్ల కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, వాడికి గెలిచానన్న సంతోషం ఒక్క నిమిషం కూడా లేదు. గెలిచింది తనేనని రుజువు చేసుకోవడంలోనే పడ్డాడు, ఇప్పటికీ అందులోనే ఉన్నాడు.

మామయ్యకి నేను జవాబు చెబుతాను, మునగపాక వెళ్లి, అందరి ముందూ చెబుతాను. కానీ ముందు అడిగినవాణ్ని నేను. కాబట్టి బావా, బూరెలు పక్కనపెట్టి ఒక్క మాట చెప్పు. పదకొండో గుంపు గేటు దాటేసరికి నువ్వు చచ్చిపడి ఉన్నావా, లేదా?