మూతకు ముందు గింజ

ఆ ఏసీ మెకానిక్కు అంత తొందరగా కోపం వచ్చే మనిషి కాదు. వచ్చిన కోపం పోయే మనిషి అంతకన్నా కాదు. మూడేళ్ళుగా ఒకే ఒక్కడి మీద, తన పాత ఓనరు మీద, పళ్ళు నూరుకుంటూ బతుకుతున్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో ఓనరును నిలబెట్టి దులిపి పారేసేవాడు. మొహం మీద నురగ ఆరిపోయేది గానీ మాటలు అయిపోయేవి కావు. "ఇవాళ్టికి వదిలెయ్యండి, ఆయనెక్కడికీ పారిపోడు. నీళ్ళు చల్లారిపోతున్నాయి" అని భార్య తలుపు తట్టి బయటికి పిలిచేది.

అసలేం జరిగిందో చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది. ఏసీలు బిగించి, కడిగి, బాగుచేసే ఆ షాపులో ఇతను పద్నాలుగేళ్ళు చేశాడు. నోట్లో నాలుక లేని మనిషి. మిషను పక్కన నిలబడి కాసేపు చెవి ఒగ్గి విని, రోగం ఇదీ అని తేల్చేవాడు. ఓనరు నలుగురిలో ఇతని భుజం తట్టి "వీడు నా కుడి చెయ్యి" అనేవాడు. ఆ ఓనరుకి ఒక బావమరిది. షాపులోనే పని, పేరుకి. చేతిలో పానా కంటే ఫోను ఉండటమే ఎక్కువ. వాడొకసారి పదహారు ఇళ్ళున్న ఒక అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులో ఉండే ప్రెసిడెంటు మేడమ్ గారి ఏసీ కడగడానికి వెళ్ళాడు. ఆ వేళ మేడమ్ ఇంట్లో లేదు, పనిమనిషే తలుపు తీసింది. మిషను లోపలి కరెంటు బోర్డుకి కవరు కట్టకుండా పంపుతో నీళ్ళు కొట్టేశాడు. స్విచ్చి వెయ్యగానే టప్పుమని బోర్డు కాలిపోయింది. వాడు సామాను సర్దుకుని చల్లగా జారుకున్నాడు.

ఆ సమయానికి మన మెకానిక్కు వేరే పేటలో ఇంకెవరింట్లోనో పైపు బిగిస్తున్నాడు. ఆ అపార్ట్‌మెంటు గడప కూడా తొక్కలేదు. సాయంత్రం ఓనరు ఫోను చేసి ఉన్నపళంగా రమ్మన్నాడు. వెళ్ళేసరికి కింద లిఫ్టు దగ్గర అపార్ట్‌మెంటు వాళ్ళ మీటింగు, అందరూ కుర్చీలేసుకుని కూర్చుని ఉన్నారు. ఓనరు ఇతన్ని పక్కకి లాగి, "తప్పు నాదేనని ఒక్క మాట అనెయ్యి. మిగతాదంతా నేను చూసుకుంటాను. నీకు నేను లేనూ?" అన్నాడు. పద్నాలుగేళ్ళు అన్నం పెట్టిన మనిషి చెవి దగ్గర చేరి బతిమాలుతుంటే ఏమంటాడు? తలొంచుకుని "తప్పు నాదేనండీ" అన్నాడు. ప్రెసిడెంటు మేడమ్ కుర్చీలోంచి లేచి, ఇలాంటివాళ్ళని నమ్మి ఇళ్ళల్లోకి ఎలా రానిస్తామని అందరి ముందూ ఏకిపారేసింది. వారం తిరక్కుండా ఓనరు, "వాళ్ళు నిన్ను పంపొద్దంటున్నారయ్యా, నన్నేం చెయ్యమంటావు?" అని పనిలోంచి తీసేశాడు. చూసుకోవడమంటే అదన్నమాట.

ఆ ఒక్క మాట ఇతన్ని ఎక్కడా వదల్లేదు. పేటంతా పాకింది. మామగారు కొత్త ఏసీ కొనుక్కుని, ఇంట్లో అల్లుడుండగా ఇంకెవరినో పిలిచి బిగించుకున్నాడు. మరదలి పిల్లలయితే ఇతన్ని "బోర్డు పెదనాన్న" అని పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళకేం తెలుసు పాపం, అదేదో పెద్ద ఉద్యోగం అనుకున్నారు. ఇతనూ నవ్వేవాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఊరికే మెతుకులు కెలికేవాడు. భార్య ఊరుకోలేదు. ఆ రోజు ఈయన అక్కడ లేనే లేడని చెల్లెలికి చెప్పింది, తండ్రికి చెప్పింది. "మరి తప్పు నాదేనని ఆయనే అన్నాడటగా" అన్నారు వాళ్ళు.

అందుకే అతనికి ఒక్కటే కావాలి. అదే అపార్ట్‌మెంటు వాళ్ళ ముందు, ఆ ఓనరు నోటితో, బోర్డు కాల్చింది ఇతను కాదని చెప్పించాలి. సొంతంగా పని చేసుకుంటూ, పాత స్కూటరు మీద ఇల్లిల్లూ తిరుగుతూ ఆ రోజు కోసం కాచుక్కూర్చున్నాడు.

ఈ ఎండాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. కడిగించిన దగ్గర్నుంచి ఏసీ పని చెయ్యట్లేదని ఎవరో ఆవిడ చెబుతోంది. పైఇంట్లోకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, తన క్లినిక్కులో ఏసీ బాగుచేశారని మీ నంబరు ఇచ్చిందంది. అడ్రసు చెప్పేసరికి ఇతని చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. అదే అపార్ట్‌మెంటు, అదే మూడో అంతస్తు.

తలుపు తీసింది ప్రెసిడెంటు మేడమే. ఇతన్ని చూసింది, గుర్తుపట్టింది, చటుక్కున మొహం తిప్పేసుకుంది. "రా, లోపలికి రా" అంది గోడ గడియారం వైపు చూస్తూ. నన్ను చూడ్డానికి కూడా రోత అన్నమాట అనుకున్నాడతను. అయినా పైకి తేలనివ్వలేదు.

"ఎప్పట్నుంచి మేడమ్?"

"కడిగిన రోజు నుంచీ. అంతకుముందు దివ్యంగా పనిచేసింది. ఇప్పుడు వేస్తే పది నిమిషాలు చల్లగా వస్తుంది, ఆ తర్వాత ఉత్త గాలి. షాపు వాళ్ళు మూడుసార్లు వచ్చి, మూత కూడా తియ్యకుండా చూసి వెళ్ళారు. ఒకసారి గ్యాసన్నారు, ఇంకోసారి బోర్డు..." అక్కడ ఆపి ఆవిడ రిమోటు అతని చేతిలో పెట్టింది. "నిన్న ఏకంగా మిషనే మార్చెయ్యమన్నారు."

"ఏ షాపు మేడమ్?"

ఆవిడ ఏసీ మీదున్న స్టిక్కరు చూపించింది. అతని పాత షాపుదే.

అతను పనిలోకి దిగాడు. పగ ఎంత ఉన్నా పని దగ్గర తొందరపడే రకం కాదు. ఫిల్టరు తీసి చూశాడు, శుభ్రంగా ఉంది. రిమోటులో ఇరవై నాలుగు పెట్టి ఉంది, తప్పేం లేదు. బాల్కనీలోకి వెళ్ళి బయటి పెట్టె దగ్గర చెవి పెట్టాడు. కంప్రెసరు సాఫీగా తిరుగుతోంది. రాగి పైపు పట్టుకుంటే చల్లగా చెమట పట్టి ఉంది. గ్యాసు పోయిందన్నవాడికి కళ్ళు లేవో, చేతులు లేవో అనుకున్నాడు. వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. సరిగ్గా తొమ్మిది నిమిషాలకి టక్కుమని ఆగిపోయింది.

లోపలికి వస్తే గది ఉడికిపోతోంది. చొక్కా వీపుకి అతుక్కుంది. రిమోటులో పదహారుకి తగ్గించాడు. కంప్రెసరు మళ్ళీ అందుకుంది, ఇంకాసేపు తిరిగి మళ్ళీ ఆగింది. అప్పుడు తెలిసిపోయింది. గది ఇంత వేడిగా ఉంటే మిషను మాత్రం బాగా చల్లబడిపోయిందని నమ్ముతోంది. దానికెవరో అబద్ధం చెబుతున్నారు.

కరెంటు ఆపి, స్టూలెక్కి ముందు మూత ఊడదీశాడు. గదిలో వేడి ఎంతుందో మిషనుకి చెప్పే చిన్న సెన్సారు ఒకటుంటుంది, సన్నటి రెండు తీగల చివర నల్లటి గింజంత. అది లోపలికి వచ్చే గదిగాలి తగిలేలా, ముందువైపు క్లిప్పులో కూర్చోవాలి. క్లిప్పు ఖాళీగా ఉంది. గింజ ఎక్కడుందా అని వెతికితే, లోపల మంచులా చల్లబడే రేకుల సందులో, ఎడమ మూలన దూర్చి ఉంది. ఎప్పుడూ చల్లటి రేకునే తాకుతుంటే గది చల్లబడిందని చెప్పక ఏం చెబుతుంది?

అతనికి స్టూలు మీదే ఈల వెయ్యాలనిపించింది. ఎందుకంటే కడిగేటప్పుడు గింజను అలా ఎడమ మూల రేకుల్లో దూర్చే అలవాటు ఊరంతటికీ ఒక్క షాపులోనే ఉంది. బ్రష్షు తగిలి తీగ తెగకుండా ఓనరు కనిపెట్టిన కిటుకు అది. పని అయ్యాక మళ్ళీ క్లిప్పులో పెట్టెయ్యాలి. మర్చిపోతారేమోనని, మూత చేతిలోకి తీసుకోగానే పైకే అనమనేవాడు: "మూతకు ముందు గింజ." పద్నాలుగేళ్ళు అలా అనీ అనీ ఇతను ఇంట్లో కూర గిన్నె మీద మూత పెడుతూ కూడా అనేవాడు, భార్య నవ్వేది. ఆ మాట అనకుండా మూత బిగించే మొనగాడు ఆ షాపులో ఒక్కడే, ఓనరు బావమరిది.

గింజ మీదకి పోయిన వేలు వెనక్కి తీసేసుకున్నాడు.

"మేడమ్, రోగం దొరికింది. ఒక్క నిమిషం పని. కానీ ఆ షాపు ఓనరు వచ్చేదాకా నేను చెయ్యి పెట్టను. ఆయన్ని పిలవండి. ఆ రోజు మీటింగులో ఉన్నవాళ్ళలో ఇప్పుడు ఇళ్ళల్లో ఎవరుంటే వాళ్ళనీ పిలవండి."

"ఎందుకు బాబూ అదంతా? అయిపోయిందేదో అయిపోయింది."

"మీకు అయిపోయింది మేడమ్. నాకు కాలేదు."

ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటోంది. ఇంతలో తను పంపిన మనిషి ఏం తేల్చాడో చూద్దామని డాక్టరమ్మ దిగి వచ్చింది. సంగతి విని, "పిలిస్తే పోయేదేముందండీ, చూపించనివ్వండి" అంది. ఆ రోజు మీటింగులో ఉన్న ఎదురింటి పెద్దాయన పేపరు మడుచుకుని తనంతట తనే వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఇక మేడమ్‌కి తప్పించుకునే దారి లేక ఫోను చేసింది.

అరగంటకి ఓనరు వచ్చాడు. గుమ్మంలో ఇతన్ని చూసి చెప్పులు విప్పడం మర్చిపోయాడు.

"నువ్వా" అన్నాడు.

"నేనే అన్నా. ఒకసారి స్టూలెక్కి చూడు."

ఓనరు ఎక్కి చూశాడు. ఒక్క చూపు చాలు, ఎంతైనా పని తెలిసినవాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు కడిగారన్నా దీన్ని?"

ఓనరు నీళ్ళు నమిలాడు. "మా బావమరిది."

"మరి మూడేళ్ళ కింద ఇదే గదిలో బోర్డు కాల్చింది ఎవరు? వీళ్ళకి చెప్పు."

డాక్టరమ్మ చూస్తోంది, పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. అబ్బ, ఆ క్షణం ఎంత హాయిగా ఉందనుకున్నారు. మూడేళ్ళు గుండె మీద ఎక్కి కూర్చున్న మనిషి, ఇప్పుడు స్టూలు మీద దిక్కులు చూస్తున్నాడు. ముక్కు నేలకి రాయించాలన్నంత కసి ఉంది ఇతనికి. అతన్ని కిందికి దిగమని కూడా అనలేదు, అక్కడే నిలబడి చెప్పనీ అనుకున్నాడు.

"వాడే కాల్చాడు" అన్నాడు ఓనరు చివరికి. "నువ్వు కాదు. నువ్వసలు ఆ రోజు ఇక్కడికి రానే లేదు."

అయిపోయింది. కావలసిన మాట వచ్చేసింది. ఇక చాలనుకుంటుండగా ఓనరుకి ఎక్కడో రోషం పొడుచుకొచ్చింది. స్టూలు దిగి, మేడమ్ వైపు చెయ్యి చూపించాడు.

"నన్నొక్కణ్ణే నిలదీస్తావేం? ఈవిణ్ణీ అడుగు. మావాడే చేశాడని ఆ రోజే ఈవిడతో చెప్పాను. ఈ పదహారు ఇళ్ళకీ మా షాపును మాట్లాడి పెట్టింది ఈవిడే. ఓనరు బావమరిదే ఇంత పని చేశాడంటే, మాట్లాడి పెట్టిన తన మొహాన అందరూ ఉమ్మేస్తారని, తప్పు ఒప్పుకోవడానికి పనివాళ్ళల్లో ఎవరో ఒకర్ని తీసుకురా అంది. తీసుకొచ్చాను."

డాక్టరమ్మ మేడమ్ వైపు తిరిగింది. ఆవిడ కాదనలేదు. మొదటిసారిగా ఇతని మొహంలోకి చూసింది.

"నీ పేరు నేను చెప్పలేదు బాబూ. నువ్వని నాకు తెలీదు. ఎవరో ఒకర్ని అన్నానంతే."

ఆ రోజు లిఫ్టు దగ్గర ఈవిడ ఏకిపారేసిన ప్రతి మాటా అతనికి గుర్తొచ్చింది. నిజంగా కోపమొచ్చి తిడుతోందనుకున్నాడు. కాదు. అన్నీ తెలిసే తిట్టింది. ఇందాక గడియారం వైపు ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది. అద్దం ముందు ఇన్నాళ్ళూ నూరుకున్న మాటల్లో ఈవిడకి సరిపోయేది ఒక్కటీ లేదు. ఓనరైనా బతిమాలాడు, ఈవిడ పేరు కూడా అడగలేదు.

అతను మళ్ళీ స్టూలెక్కాడు. అందరూ సరిచేస్తున్నాడనుకున్నారు. గింజను తాకలేదు. మూత పెట్టి, రెండు స్క్రూలూ గట్టిగా బిగించాడు. కిందికి దిగి స్విచ్చి వేశాడు. చల్లటి గాలి వచ్చింది. స్క్రూడ్రైవరు తుడుచుకుని సంచిలో పెట్టుకున్నాడు.

"బాగైపోయిందా?" అంది మేడమ్.

"లేదు మేడమ్. పది నిమిషాలు వస్తుంది, తర్వాత ఆగిపోతుంది."

"అదేంటి, ఒక్క నిమిషం పనన్నావుగా. నువ్వు చెయ్యవా?"

"నేనే ఎందుకు మేడమ్" అన్నాడతను గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. "ఎవరో ఒకరు చేస్తార్లెండి."