చెరుకు తోట దయ్యానికి బొట్టు

దయ్యాలనూ దేవుళ్లనూ వర్గీకరించే శాఖలో నా ఉద్యోగం. లెక్క సులువే. జనం చెప్పు చూపిస్తే దయ్యం, బొట్టు పెడితే దేవుడు.

ఇవాళ బోధన్ దగ్గర ఒక చెరుకు తోటకు పిలిచారు. గట్టు మీది బండలో ఎప్పటి నుంచో ఒక దయ్యం ఉంటోంది. ఈసారి పంట బాగా వచ్చిందన్న సంతోషంలో రైతు ఆ బండకు పసుపు రాసి బొట్టు పెట్టేశాడు.

నేను వెళ్లేసరికి దయ్యం తల పట్టుకుని కూర్చుంది.

“అక్కా, నన్ను మల్ల దయ్యాలల్ల కలుపు. పొద్దుగాల్నుంచి ఒకటే మొక్కుడు. ఒకలకు పెండ్లి గావాలె, ఒకలకు బోరుల నీళ్లు వడాలె. ఇదివరకు చెప్పు జూపి ఉరికేటోళ్లు, పానం నిమ్మలంగుండె.”

“పెట్టిన బొట్టు ఎట్ల తీస్తం మేడం? పాపం తగుల్తది,” అన్నాడు రైతు.

చివరికి నా సీసాలో నీళ్లతో నేనే కడిగి, చెప్పు తీసి చూపించాను. దయ్యం కళ్లు మూసుకుని హాయిగా ఊపిరి వదిలింది.

నిజామాబాద్‌లో ఇల్లు చేరేసరికి నలుగురు నా గేటుకు పసుపు రాసి బొట్టు పెట్టి, నాకు మొక్కుతూ నిలబడి ఉన్నారు. ఒకరి ఇంట్లో అటక మీద ఏదో ఉందట, ఇంకొకరి మిక్సీలో ఏదో మూలుగుతోందట.

దగ్గరలో ఎవరైనా ఉంటే, దయచేసి వచ్చి నాకో చెప్పు చూపించండి.